రాగం తీస్తేనే కవిత్వమా?

గోదావరి జిల్లాల సాహిత్య సభల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పద్యమైతే రాగం తీసి పాడాలి. వచన కవితైతే వట్టి గొంతుతో చదివి దిగిపోవాలి. ఈ రెండూ కాకుండా, ఒకరు కవిత చదువుతుంటే పక్కన ఇంకొకరు వీణ తీగను గీకడమో, ల్యాప్‌టాప్‌లోంచి ఏదో మోత వదలడమో చేశారా, అది పట్నం నుంచి దిగిన ఫ్యాషను. పట్నానికి ఎక్కడి నుంచి దిగిందంటే అమెరికా నుంచి. ఈ మాట అనేవాళ్లు తెలియనివాళ్లు కారు. యతి తప్పితే కుర్చీలో ఇబ్బందిగా కదిలేంత చెవి ఉన్నవాళ్లు. వాళ్ల చెవి మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను. వాళ్లు చెప్పేది చరిత్ర ప్రకారం తప్పు, వాళ్లు ప్రాణం పెట్టే ఛందస్సు ప్రకారం కూడా తప్పే.

ముందు ఆ దిగుమతి సంగతి చూద్దాం.

కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటకి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువని నీళ్లలో దిగి దాటాలి. మోసేవాళ్ల నడుము పైకి నీళ్లొస్తాయి, పైన ప్రభ ఊగుతుంటుంది, ఒడ్డున వాద్యాలు హోరెత్తుతుంటాయి, మోసేవాళ్ల నోట ‘శరభ శరభ’ తప్ప మరో మాట ఉండదు. ఆ కేక ఏ రాగమని ఎవరూ అడగరు.

సరే, అది కేక అంటారు. వీరభద్రుడి సంబరంలో ఖడ్గం చదివే మనిషిని దగ్గర నిలబడి చూడండి. ఒంటి నిండా విభూతి పట్టెలు, నడుముకి బిగించిన గుడ్డ, చేతిలో కత్తి. వాద్యాలు ఆగుతాయి. అతను మామూలు గొంతుతోనే మొదలుపెడతాడు. అది పద్యం కాదు, పాటా కాదు. దక్షయజ్ఞం కథని సమాసం మీద సమాసం ఎక్కించుకుంటూ పోయే వచనం. మధ్యలో ఊపిరి తీసినట్టు కనపడడు. మాట పైకి పోతున్నకొద్దీ మెడ నరాలు తేలుతాయి, కత్తి ఉన్న చెయ్యి వణుకుతుంది. వాద్యగాళ్లు కర్రలు పైకెత్తి అతని నోటివంకే చూస్తుంటారు. ఆఖరి మాట పడగానే వీరణాలు, డోళ్లు ఒక్కుమ్మడిగా విరుచుకుపడతాయి, జనం ‘శరభ’ అంటారు. మళ్లీ ఆగుతాయి. మళ్లీ వచనం.

ఇక్కడ వాద్యం ఎప్పుడు రావాలన్నది తాళం నిర్ణయించడం లేదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు లెక్కపెట్టుకుని సమం మీద దిగే పద్ధతి కాదిది. చెప్పేవాడి ఊపిరే లెక్క. ఒకసారి అరనిమిషం, ఇంకోసారి పావునిమిషం. స్వరం కట్టని మాట, ఆవర్తానికి కట్టుబడని మోత, రెండింటి మధ్యా కంటిచూపుతో నడిచే ఒప్పందం. 1912లో షోన్‌బర్గ్ అనే వియన్నా సంగీతకారుడు ‘పియెరో లూనేర్’ అనే రచనలో గాయనిని పాడవద్దని, మాటకీ పాటకీ మధ్య గొంతుతో కవితలు చెప్పమని అడిగితే ఐరోపా అంతా గగ్గోలు పుట్టింది. షోన్‌బర్గ్ పనీ, ఖడ్గం చదివేవాడి పనీ రెండు రకాలని నాకూ తెలుసు. కానీ మాటని మాటగానే ఉంచి దాని చుట్టూ శబ్దాన్ని నిలబెట్టడం అన్న ఆలోచన ద్రాక్షారామం చుట్టుపక్కలవాళ్లకి పరాయిదని మాత్రం నాకు చెప్పకండి.

దీనికి జవాబు నాకు ముందే తెలుసు. ‘అది భక్తి, అది జానపదం, దాన్ని కవిత్వంలోకి లాక్కురాకండి.’ ఎందుకు లాక్కురాకూడదు? ఖడ్గం చదివేవాడి వచనంలో ఉన్న అనుప్రాస, దీర్ఘసమాసం, ఉద్వేగం మన నవకవుల్లో చాలామందికి లేవు. వీరణం కొట్టే మనిషిని మన సాహిత్య వేదిక మీదికి ఏనాడూ పిలవలేదు. పిలవని మనిషి చేసిన పని సాహిత్య చరిత్రలో కనపడదు. కనపడలేదు గనక మనకి అలాంటి సంప్రదాయమే లేదని తీర్పు చెబుతున్నాం. ఇందులో ఉన్న కులం లెక్క విప్పి చెప్పమంటే చెబుతాను గానీ చదివేవాళ్లకి ఆ అవసరం ఉండదనుకుంటాను.

బుర్రకథ సంగతీ అంతే. కథకుడు తంబుర మీటుతూ సగం పాట, సగం మాటగా నడిపిస్తాడు. వంతలు గుమ్మెటల మీద దరువేస్తూ మాటకి మాట అడ్డం వేస్తారు. వీధిలో వింటే కళ, సభలో చేస్తే గోల!

ఇక స్వచ్ఛత. మన పద్యనాటకాన్ని మించిన తెలుగుదనం లేదని నమ్మేవాళ్లు ఈ డెల్టాలో లెక్కకి మిక్కిలి. తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రి పుట్టిన యండగండి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి పుట్టిన కడియం రెండూ మనవే. పాండవోద్యోగ విజయాల పద్యాలు రాని రైతు ఉండేవాడు కాదని మన పెద్దలు గర్వంగా చెబుతారు. నిజమే. ఆ పద్యం ఏ వాద్యం మీద పాడారు? హార్మోనియం మీద. ఆ పెట్టె ఐరోపాది. కలకత్తాలో చేత్తో తిత్తి నొక్కేలా మార్చుకుంటే నాటక కంపెనీలతో పాటు దేశమంతా తిరిగింది. గమకం పలకదు, మన శ్రుతులకి లొంగదు, ఇది భారతీయ వాద్యమే కాదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. అంటే శ్రీకృష్ణుడు రాయబారానికి వెళ్లి పద్యం అందుకున్నప్పుడు వెనక మోగినది ఆ రోజుల్లో దేశంలో అన్నిటికంటే వివాదాస్పదమైన విదేశీ వాద్యం. అప్పట్లో నాటక సమాజాలవాళ్లు ‘ఇది మనది కాదు’ అని పక్కన పెట్టి ఉంటే ఇవాళ మీరు కాపాడతానంటున్న సంప్రదాయమే ఉండేది కాదు. ఇంకో తమాషా ఏమిటంటే, 1962–63లో మన దేశంలో తిరిగి వెళ్లిన అమెరికన్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ తర్వాత హార్మోనియం పట్టుకుని విలియం బ్లేక్ కవితలకి వరసలు కట్టాడు. 1970లో అది రికార్డుగా వచ్చింది. వాళ్ల పెట్టె మనం తెచ్చుకుంటే సంప్రదాయం, మన దగ్గర్నుంచి అతను పట్టుకుపోతే ప్రయోగం.

ఇప్పుడు అసలు విషయానికి, ఛందస్సుకి వస్తాను. ఎక్కువ సేపు ఆగవలసింది ఇక్కడే.

‘మన పద్యానికి ఛందస్సే సంగీతం, దానికి రాగం తోడైతే చాలు, వేరే శబ్దమెందుకు’ అంటారు. మొదటి సగం ఒప్పుకుంటాను. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాలలో ఇరవై ఒకటి, పదకొండో అక్షరం దగ్గర యతి. తెలుగు యతి సంస్కృతంలోలాగా విరామం కాదు, అక్షరాల స్నేహం. పాదం మొదట విన్న అక్షరం మళ్లీ పదో చోట తలుపు తట్టినప్పుడు చెవికి కలిగే చిన్న సంతోషమే దాని ప్రయోజనం. ఆ సంతోషం కలగాలంటే మొదటి అక్షరం ఇంకా చెవిలో ఉండగానే పదోది రావాలి.

మరి రంగస్థలం మీద మనం చేస్తున్నదేమిటి? మొదటి అక్షరం మీదే రాగం అందుకుంటాం. నాలుగో అక్షరం దగ్గర ఒక సంగతి, ఆరో అక్షరం దీర్ఘమైతే దాని మీద ఇంకో మూడు సంగతులు. రెండు మాత్రలుండాల్సిన గురువు ఇరవై మాత్రలవుతుంది, పక్కనున్న లఘువు కూడా పోటీపడి నాలుగవుతుంది. యతిస్థానం వచ్చేసరికి పాదం మొదట ఏ అక్షరముందో పాడేవాడికే గుర్తుండదు. నాలుగో పాదం చివరి అచ్చు పట్టుకుని ఆలాపన మొదలెట్టాక పద్యం మాట అటుంచి నాటకమే ఆగిపోతుంది. దుర్యోధనుడు చేతులు కట్టుకుని నిలబడతాడు, కృష్ణుడు మోహన పూర్తి చేస్తాడు, జనం వన్స్ మోర్ అంటారు. నేను కూడా ఆ జనంలో ఒకణ్ణే, ఆ ఆలాపన నాకూ ఇష్టమే. దాన్ని సంగీతమనండి, ఒప్పుకుంటాను. ఛందస్సుని కాపాడటం అనకండి. గణాన్ని అంత సులువుగా మింగేది రాగం తప్ప మరొకటి లేదు.

అదే ఉత్పలమాలని ఒక మనిషి తన మాట్లాడే గొంతుతో, గురులఘువులకి వాటి కాలం వాటికి ఇచ్చి చెబుతున్నాడనుకోండి. కింద వీణ మంద్రస్థాయి తీగ ఒక్కటే నడుస్తోంది. యతి దగ్గర తాళం తీగని ఒక్కసారి తాకారు. అంతే. పదో అక్షరం మొదటి అక్షరాన్ని పిలిచిన సంగతి ఛందస్సు చదవని పిల్లవాడికి కూడా వినపడుతుంది. ఇందులో రాగం లేదు, ఆలాపన లేదు. ఛందస్సు మాత్రం పూర్తిగా ఉంది. ప్రయోగం ఎవరి పక్షాన ఉందో చెప్పండి.

ఈ డెల్టాలో ప్రయోగానికి చోటు లేదనేవాళ్లు మన సన్మానపత్రాలైనా తిరిగి చదువుకోవాలి. బాలమురళీకృష్ణ పుట్టింది కోనసీమలో శంకరగుప్తంలో. డెబ్బై రెండు మేళకర్తల్లోనూ కృతులు రాసిన ఆ పండితుడే నాలుగు స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టాడు. కనీసం అయిదు స్వరాలైనా లేకుండా రాగమేమిటని మద్రాసులో పెద్ద రభస జరిగింది, వీణ బాలచందర్ ఆయన మీద యుద్ధమే ప్రకటించాడు. ఆ మహతిలోనే 1975లో ‘అపూర్వ రాగంగళ్’ సినిమాకి విశ్వనాథన్ పాట కట్టాడు, అరవదేశమంతా పాడుకుంది. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి జెమినీ స్టూడియోలో సినిమా సంగీతం చేసి, తర్వాత ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యబృందానికి రచనలు చేశాడు. ఆయన శిష్యుడు కాకినాడ చిట్టిబాబు వీణతో కోయిలని కూయించాడు. పక్షి కూత రాగమా, మోతా? జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు తప్ప ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

మాట విషయంలో నాకు వీళ్లందరికంటే ముఖ్యమైనవాడు బాలాంత్రపు రజనీకాంతరావు. నిడదవోలులో 1920లో పుట్టి, 1941లో మద్రాసు రేడియోలో చేరాడు. స్వయంగా కవి, స్వయంగా వరసకర్త. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నవాడికి సంప్రదాయం తెలియదనలేరు కదా. ఆయన తరంవాళ్లు రేడియోలో సంగీత రూపకం అనే ప్రక్రియని నిలబెట్టారు. వ్యాఖ్యాత వచనం, మధ్యలో పద్యం, వెనక వాద్యబృందం, కొన్నిచోట్ల శబ్దాలు. వినేవాడికి కళ్లు లేవు కాబట్టి మాట మాటగా తెలియాలి, తెలిసీ సంగీతంలో ఇమడాలి. 1948లో విజయవాడ కేంద్రం వచ్చాక మన ఊళ్ల అరుగుల మీద జనం విన్నది ఇదే. మాట మీద సంగీతం నడిపించే విద్య మనవాళ్లకి ఒకప్పుడు రోజువారీ ఉద్యోగం. ఆ స్టూడియో రిహార్సళ్లు పోయాయి, విద్య పోయింది. ఇప్పుడు అది మనది కాదంటున్నాం.

అవతలివాళ్ల వాదనలో నిజమైన బలం ఒక్కచోట ఉంది. ఇవాళ ప్రయోగం పేరు మీద జరుగుతున్న వాటిలో చాలా భాగం భరించలేనివి. సభల్లో చూస్తూనే ఉన్నాం. కవి వేదికెక్కి కాగితం విప్పుతాడు. కీబోర్డు వాయించే అబ్బాయికి ఆ కవిత అప్పటిదాకా తెలియదు. ‘ఏదో ఒకటి మెల్లగా వెయ్యి నాన్నా’ అంటారు నిర్వాహకులు. అతను తీగల శబ్దం నొక్కి పట్టుకుంటాడు, విషాదం అనుకున్నచోట వేణువు నొక్కుతాడు. మైకు దగ్గరున్నవాడు గొంతుకి ఎకో తగిలిస్తాడు. కవి ఆకలి గురించి చదువుతుంటే పెళ్లి వీడియో చూస్తున్నట్టుంటుంది.

ఇది ఎందుకు చెడుతుందో చెప్పొచ్చు. మగవాడు మాట్లాడేటప్పుడు గొంతు సుమారు 100 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. మాట అర్థమయ్యేది మాత్రం హల్లుల వల్ల, వాటి స్పష్టత 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. కీబోర్డు తీగల శబ్దం తన పైస్వరాలతో సరిగ్గా అక్కడిదాకా పరుచుకుంటుంది, పైన వేణువు ఊపిరి. ఇక ఎకో చేసే అపకారం తెలుగుకి ప్రత్యేకం. మనది ద్విత్వాలతో నడిచే భాష. ‘అత్త’ అన్నప్పుడు మధ్యలో నాలుక గాలిని ఆపే రవ్వంత నిశ్శబ్దం ఉంది. ఆ నిశ్శబ్దం లేకపోతే అత్త లేదు. ఎకో దాన్ని పూడ్చేస్తుంది. ఖడ్గం చదివేచోట వాద్యాలు మాట జరుగుతున్నంతసేపూ ఎందుకు ఆగుతాయో ఆ వాద్యగాళ్లకి ఏ పుస్తకమూ చెప్పలేదు. వాళ్లకి తెలుసు, అంతే. మన మైకువాడికి తెలియదు. తప్పు ప్రయోగానిది కాదు, కవిత చదవని వాద్యగాడిదీ, వాద్యం వినని కవిదీ. అందులోనూ ఎక్కువ భాగం కవిది. తన కవితకి పక్కన మనిషి కావాలనుకోడు, వెనక తెర కావాలనుకుంటాడు. కరపత్రం మీద తన పేరు ఫొటోతో, వాయించినవాడి పేరు అట్టడుగున. ఆటో ఖర్చులిచ్చి పంపించేస్తారు.

ఇంకోవైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు, దాన్ని తేలిగ్గా తీసేయను. ఇది పద్యం వాళ్లది కాదు, వచన కవులదే. కాకినాడలో పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ తన వ్యాసాల పుస్తకానికి ‘కవిత్వంలో నిశ్శబ్దం’ అని పేరు పెట్టుకున్నాడు. కవిత గట్టిగా అరవకూడదు, చదివేవాడి లోపల నెమ్మదిగా విచ్చుకోవాలి అనే మర్యాద ఆయన వల్ల ఈ జిల్లాల్లో ఒక తరానికి అబ్బింది. ఆ మర్యాద నాకూ కావాలి. కానీ ఆయన పేరు చెప్పి ఏ శబ్దాన్నీ దగ్గరికి రానివ్వని శిష్యులు ఒకటి గమనించడం లేదు. కవిత పుస్తకంలో ఉన్నంతసేపే ఆ నిశ్శబ్దం ఉచితం. హాల్లోకి తెచ్చాక అక్కడ నిశ్శబ్దం ఉండదు. బయట బైకుల హారన్లు, లోపల కుర్చీల కిర్రులు, రెండో వరసలో ఎవరిదో ఫోను. జాన్ కేజ్ 1952లో వాయించేవాడిని నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు ఊరికే కూర్చోబెట్టి వినిపించింది ఇదే. కరెంటు పోయి ఫ్యాను ఆగాకే ఇంట్లో ఎంత నిశ్శబ్దం ఉందో తెలిసినట్టు, హాల్లో నిశ్శబ్దం కావాలంటే నడుస్తున్న శబ్దమొకటి సరైన మాట దగ్గర ఆగాలి. ఎక్కడ ఆపాలో తెలిసిన వాద్యగాడు ఇస్మాయిల్ కవితకి శత్రువు కాడు. వట్టి గొంతుతో, ఎకో మైకులో, ముప్పై మందిలో పదిహేడో కవిగా హడావుడిగా చదవడం కంటే పెద్ద శత్రువుని నేనైతే ఊహించలేను.

శ్రీశ్రీ గొంతుని తలుచుకోండి. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి పూనికతో ‘మహాప్రస్థానం’ కవి చేతిరాతలో, దాంతోపాటు కవి గొంతుతో క్యాసెట్లుగా వచ్చింది. ఆయన పాడలేదు, చదివాడు. ఆ చదువుకి వాద్యం లేకపోవడం ఆయన నిర్ణయమైతే సంతోషం. మనం మాత్రం దాన్ని శాసనం చేసుకున్నాం.

చివరికి మిగిలేది ‘జనం వినరు’ అన్న మాట. ఏ వాదనా మిగలనప్పుడు జనం పేరు చెప్పడం సభాధ్యక్షులకి అలవాటే. 1974లో వచ్చిన ఘంటసాల భగవద్గీత సంగతేమిటి మరి? శ్లోకం రాగంలో, తాత్పర్యం మాట్లాడే గొంతులో, రెండూ ఒకే రికార్డులో. గుడి మైకులోనూ అదే, చావింటి ముందూ అదే. యాభై ఏళ్లుగా విని విని తాత్పర్యం జనానికి కంఠతా వచ్చింది, శ్లోకం చాలామందికి రాలేదు. తెలుగువాళ్లు ఎక్కువసార్లు విన్న రికార్డుల్లో ఒకదాంట్లో సగం మాటే అయినప్పుడు, సంగీతం పక్కన మాటని జనం వినరని ఏ ధైర్యంతో అంటున్నారో నాకు బోధపడదు.

కాబట్టి వాదన వద్దు, ఒకసారి చేసి చూద్దాం. రాజమండ్రి ఆనం కళాకేంద్రం అద్దెకి తీసుకోండి. ఖడ్గం చదివే మనిషినొకణ్ణి కోనసీమ నుంచి, వీరణం వాళ్లని అతనితోపాటే పిలిపించండి. వీణ పట్టిన కుర్రాడికో పిల్లకో కబురు పెట్టండి. కపిలేశ్వరపురంలో 1973లో పెట్టిన సర్వారాయ హరికథా పాఠశాలలో చదివినవాళ్లు ఎవరైనా దొరికితే మరీ మంచిది, మాట నుంచి పాటలోకి, పాట నుంచి మాటలోకి అతుకు తెలియకుండా దాటడం వాళ్లకి చదువులో భాగం. తణుకు తిలక్ వచన కవిత ఒకటి వాళ్ల చేతికివ్వండి. ‘అమృతం కురిసిన రాత్రి’ అచ్చయి అర్ధశతాబ్దం దాటింది, ఇప్పటికీ దాన్ని వేదికల మీద అరవడమో గొణగడమో తప్ప ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మూడు రోజులు రిహార్సల్, నాలుగో రోజు సభ. కరపత్రం మీద అందరి పేర్లూ ఒకే సైజు. బాగాలేకపోతే వేదిక దిగకముందే తిట్టండి, మొదటి వరసలో కూర్చుని నేనూ మీతో కలుస్తాను. ఖర్చంటారా, ఆ రోజుకి శాలువాలు మానేస్తే సరిపోతుంది.